గోళీ డబ్బా మీద పొద్దు బొమ్మ

(ఎన్ఎస్ఎస్ స్పెషల్ క్యాంప్‌కి పోయే ముందు మా కాలేజీ వాలంటీర్లతో ఒక డాక్టర్ అక్క మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబడిన చోట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్తే. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి రండి. సార్ నన్ను చైనాలో చదువుకున్న అనుభవం గురించి చెప్పమన్నారు. మొత్తం చైనా గురించి నేను చెప్పలేను, అంత పెద్ద దేశం. ఒక పది రోజుల గురించి చెప్తాను. 2018 జులైలో, కొండ మీద ఒక చిన్న ఊళ్ళో పది రోజులు. మీరు వచ్చే నెల ఏడు రోజుల క్యాంప్‌కి పోతున్నారు కదా, అందుకని ఆ పది రోజులే చెప్తాను.

నేను ఎంబీబీఎస్ చదివింది హుబెయ్ ప్రావిన్స్‌లో. వూహాన్ ఉన్నది అక్కడే, 2020 తర్వాత ఆ పేరు తెలియని వాళ్ళు లేరు. మన జగిత్యాల, కరీంనగర్ నుంచి, అటు గుంటూరు, కృష్ణా నుంచి కూడా అక్కడ చదువుకున్నోళ్ళు బాగానే ఉన్నారు. మా క్లాసులు ఇంగ్లిష్‌లో, వేరే బిల్డింగ్‌లో జరిగేవి, చైనా పిల్లలతో కలిసేది మెస్‌లో, గ్రౌండ్‌లో. అలా పరిచయమైన ఒక సీనియర్ అమ్మాయి ఒకరోజు అడిగింది, సెలవుల్లో మాతో ఊరికి వస్తావా అని.

వాళ్ళకి ఒక ప్రోగ్రాం ఉంది, సాన్ శ్యా శియాంగ్ అంటారు. సాన్ అంటే మూడు, శ్యా శియాంగ్ అంటే ఊళ్ళకి దిగడం. సంస్కృతి, సైన్సు, ఆరోగ్యం, ఈ మూడింటినీ పల్లెకి తీసుకెళ్ళడం అన్నమాట. కాలేజీ పిల్లలు 1997 నుంచి ప్రతి ఏడాది వేసవి సెలవుల్లో, అక్కడ అవి జులై, ఆగస్టుల్లో, దేశమంతా ఇలా ఊళ్ళకి పోతారు. మన ఎన్ఎస్ఎస్ దానికన్నా పాతది, 1969లో, గాంధీ గారి శతజయంతి ఏడాదిలో మొదలైంది, మీకు తెలుసు కదా? తెలుసుకోండి, క్యాంప్‌లో అడుగుతారు.

మేం పోయింది ఎన్‌షి అనే చోటికి. హుబెయ్‌కి పడమటి కొస, తుజియా, మియావ్ అనే తెగల వాళ్ళు ఉండే కొండ ప్రాంతం. 2010 డిసెంబర్ దాకా అక్కడికి రైలే లేదు. 377 కిలోమీటర్ల లైన్, అందులో ముప్పావు వంతు దాకా సొరంగాలూ వంతెనలే, అంటే ఒక సొరంగంలోంచి బయటికొచ్చి కిటికీలోంచి లోయ చూసేలోపే ఇంకో సొరంగం వచ్చేస్తుంది. రైలు దిగాక బస్సు, బస్సు దిగాక చిన్న వ్యాన్, ఆ తర్వాత నడక. వానాకాలం. మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయి, నేను అది అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఊరంటే మన ఊరిలాగా ఇళ్ళన్నీ ఒక్క చోట ఉండవు. ఈ గుట్ట మీద రెండిళ్ళు, ఆ వాలు మీద మూడిళ్ళు, మధ్యలో మొక్కజొన్న, ఆలుగడ్డ, తేయాకు. చెక్క ఇళ్ళు, కొన్ని స్తంభాల మీద నిలబడి ఉంటాయి. లోపల ఒక గదిలో నేల మీదే పొయ్యి, దాని పైన పంది మాంసం ఉప్పు పట్టించి పొగకి వేలాడదీస్తారు, ఏడాదంతా అదే. మొక్కజొన్న పిండిలో మిరపకాయలు కలిపి పులియబెట్టే నిలవ కూర ఒకటి ఉంటుంది, దాన్ని వేయించి పెడితే నేను రెండు గిన్నెలు అన్నం తిన్నాను. ఆ ఉప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దాని దగ్గరికి.

మేం 14 మందిమి, తోడు ఒక డాక్టర్ సార్. మా దగ్గర ప్లాన్ ఉంది. పొద్దున పిల్లలకి క్లాసులు, సాయంత్రం ఇంటింటికీ పోయి బీపీ, షుగర్ చూడటం. మూడు అట్టపెట్టెల బట్టలు కూడా తీసుకుపోయాం, హాస్టళ్ళలో అడిగి పోగేసినవి. ఎర్ర బ్యానర్, అందరికీ ఒకే రంగు టీషర్ట్‌లు.

మొదటి రోజు స్కూల్ ముందు బ్యానర్ విప్పామో లేదో, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వరసలో నిలబడ్డారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఎవరూ చెప్పలేదు. రెండు వేళ్ళు చూపించి నవ్వారు, ఫోటో అయిపోయింది, నవ్వు ఆపేసి పోయి కూర్చున్నారు. అప్పుడు నాకు ముచ్చటగా అనిపించింది, ఎంత క్రమశిక్షణో అనుకున్నాను. రాత్రి పడుకున్నాక తట్టింది. ఎన్ని గ్రూపులు వచ్చి పోయి ఉంటాయి ఇక్కడికి, ఆ పిల్లలకి ఫోటోలో ఎక్కడ నిలబడాలో కంఠతా వచ్చేసేటన్ని?

బట్టల పెట్టెలు విప్పితే పల్చటి ఫ్రాకులు, ఎత్తు మడమల చెప్పులు, చిన్న గౌన్లు. ఆ ఊళ్ళో చలికాలం మంచు పడుతుంది. ఊళ్ళో పనులు చూసే ఒకావిడ అవన్నీ ఓపిగ్గా మడతపెట్టి, థాంక్స్ చెప్పి, గోదాంలో పెట్టించింది. గోదాంలో అప్పటికే వేరే పెట్టెలు ఉన్నాయి. నేను చూశాను. పెట్టెలు పోగేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, అడగకుండా తీసుకుపోయింది ఏదైనా సరే, వాళ్ళ మీద ఇంకో బరువు పెట్టి రావడమే.

సరే, పిల్లల గురించి చెప్తా. క్లాసుకి ఒక ముప్పై మంది వచ్చేవాళ్ళు. అమ్మానాన్న ఇంట్లో ఉన్నవాళ్ళు చేతులెత్తండి అంటే నలుగురో ఐదుగురో ఎత్తారు. మిగతావాళ్ళ అమ్మానాన్నలు గ్వాంగ్‌డాంగ్, జెజియాంగ్ అనే దూరపు ప్రావిన్సుల్లో, ఫ్యాక్టరీల్లో. వచ్చేది ఏడాదికి ఒక్కసారి, వాళ్ళ కొత్త సంవత్సరం పండక్కి. చైనాలో ఇలాంటి పిల్లల్ని లియు షౌ అర్‌థోంగ్ అంటారు, వెనక మిగిలి ఉండే పిల్లలు అని. 2013లో అక్కడి మహిళా సమాఖ్య వేసిన లెక్క 6 కోట్ల పైచిలుకు. 2016లో ప్రభుత్వం లెక్క పెడితే 90 లక్షలు వచ్చింది. అంత తేడా ఎందుకంటారా? మొదటి లెక్కలో అమ్మో నాన్నో ఒక్కరు వలస పోయినా కలిపారు, రెండోసారి ఇద్దరూ లేనివాళ్ళనీ, ఒకరు పోయి రెండోవాళ్ళు చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళనీ మాత్రమే లెక్కేశారు. ఏ లెక్క తీసుకున్నా అది చిన్న సంఖ్య కాదు.

మరి పిల్లల్ని వెంట తీసుకుపోవచ్చు కదా? నేనూ అదే అడిగాను. అక్కడ హుకౌ అని ఒకటి ఉంటుంది, ఏ కుటుంబం ఏ ఊరిదో రాసి ఉండే రిజిస్ట్రేషన్. సిటీలో పదేళ్ళు పని చేసినా హుకౌ ఊళ్ళోనే ఉంటే పిల్లలకి సిటీ సర్కారు బడిలో సీటు కష్టం, కాలేజీ కోసం రాసే గావ్‌కావ్ పరీక్ష మామూలుగా హుకౌ ఉన్న చోటికే వచ్చి రాయాలి. ఇంటి కిరాయి, షిఫ్ట్ డ్యూటీలు సరేసరి. అందుకని పిల్లలు నానమ్మ తాతల దగ్గర.

ఇది చెప్పినప్పుడు మా గ్రూపులో చాలామందికి బాధేసింది. నాకు బాధ కాదు, ఇంకేదో అయింది. ఎందుకంటే మా బాపు దుబాయ్‌లో పనిచేశాడు. నాకు మూడేళ్ళప్పుడు పోయాడు. రెండేళ్ళకోసారి వచ్చేవాడు, వచ్చిన ప్రతిసారీ మొదటి రెండు రోజులు నేను తలుపు చాటునే ఉండేదాన్ని. శుక్రవారం ఆయనకి సెలవు, ఆ రోజు ఫోన్ వచ్చేది. నన్ను పెంచింది మా బాపమ్మ. మీలో ఎంతమందికి ఇంట్లో ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు? ... చూశారా, సగం హాలు. ఇంక ముంబై, భివండీ కలిపితే ఎంతమంది లేస్తారో. కాబట్టి ఆ పిల్లలు నాకు కొత్త కాదు. భాష రాదు అంతే.

వాళ్ళు నన్ను యిన్‌దు జియెజియె అనేవాళ్ళు, ఇండియా అక్క అని. నేను ఇంగ్లిష్ పాటలు నేర్పిద్దామని ప్రిపేర్ అయి పోయాను. ఒక్క రోజుకే వాళ్ళకి విసుగొచ్చింది, ముందొచ్చిన గ్రూపులు కూడా అవే నేర్పించాయంట. మీ భాషలో మా పేర్లు రాసివ్వు అన్నారు. బోర్డు మీద ఒక్కొక్కరి పేరు తెలుగులో రాశాను. ఒక్కసారిగా క్లాసు మొత్తం నిశ్శబ్దం. ఒక తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గరికొచ్చి వేలు పెట్టి చూసి, ఇవి నత్తల్లా ఉన్నాయి, అన్నది. వాళ్ళ అక్షరాలు గీతలు, డబ్బాలు కదా, మనవి చూస్తే నత్త చుట్ట చుట్టుకున్నట్టు కనపడ్డాయి. తెల్లారేసరికి ఆ పిల్ల తన పేరు నోట్‌బుక్ నిండా రాసుకొచ్చింది. తలకట్టుతో సహా. ఆ పిల్ల గురించే ఇంకా చెప్పాలి.

సాయంత్రం బీపీ చూడటం. ఇంటి తలుపుల పక్కన కార్డులు అంటించి ఉండేవి, ఆ కుటుంబం పేదరికానికి కారణం ఏంటి, ఏ అధికారి ఈ ఇంటి బాధ్యత తీసుకున్నాడు, ఆయన ఫోన్ నంబర్ ఏంటి, అన్నీ రాసి. అప్పట్లో దేశంలో 832 పేద కౌంటీలని, అంటే మన తాలూకాల్లాంటివాటిని, లిస్ట్ వేసి 2020కల్లా బయటపడెయ్యాలని పట్టుపట్టారు, ఎన్‌షి కౌంటీలు అందులో ఉన్నాయి. చాలా కార్డుల మీద కారణం అనే చోట ఒకటే మాట, జబ్బు. 2021 ఫిబ్రవరిలో పేదరికం పోయిందని ప్రకటించారు. రోడ్లు, కరెంటు, ఇళ్ళు నిజంగానే మారాయి, నేను తర్వాత పోయి చూశాను. జబ్బులు మాత్రం అంత తొందరగా మారవు.

మేం మూడు రోజులు ఇంటింటికీ తిరిగి బీపీ చూసి కాగితాల మీద రాశాం. ఎక్కువ, ఎక్కువ, చాలా ఎక్కువ. మూడో రోజు రాత్రి ఆ ఊరి డాక్టర్ తాత మా దగ్గరికొచ్చాడు. డాక్టర్ అంటే ఎంబీబీఎస్ కాదు. 1968 తర్వాత చైనా పల్లెల్లో రైతు పిల్లల్నే తీసుకుని కొన్ని నెలల ట్రైనింగ్ ఇచ్చి ఊరికి ఒకరు చొప్పున పెట్టారు, చెప్పుల్లేని డాక్టర్లు అనేవాళ్ళు వాళ్ళని. 1985లో ఆ పేరు తీసేసి పల్లె డాక్టర్లు అన్నారు. ఈయన ఆ పాత బ్యాచ్ మనిషి. నేను ఇండియా అని తెలియగానే బొటనవేలు చూపించి, ఖ దిహువా, ఖ దిహువా, అన్నాడు. నాకు అర్థం కాలేదు. మా సీనియర్ చెప్పింది, డాక్టర్ కోట్నిస్ అని.

మన షోలాపూర్ మనిషి. షోలాపూర్ అంటే మన పద్మశాలీలు ఎంతమంది పోయి మగ్గాల మీద బతికారో మీకు తెలుసు. 1938లో జపాన్‌తో యుద్ధం జరుగుతుంటే మన కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లని చైనాకి పంపింది, అందులో ద్వారకానాథ్ కోట్నిస్ ఒకరు. మిగతా వాళ్ళు తిరిగొచ్చారు, ఆయన ఉండిపోయాడు. చైనీస్ నేర్చుకున్నాడు, అక్కడి నర్సునే పెళ్ళి చేసుకున్నాడు, కొడుక్కి ఇండియా చైనా రెండు పేర్లు కలిపి యిన్‌హువా అని పేరు పెట్టుకున్నారు. 1942 డిసెంబర్ 9న చనిపోయాడు, 32 ఏళ్ళకే. మన దేశం నుంచి పోయిన ఒక మనిషి పేరు ఎక్కడో కొండ మీద ఊళ్ళో ఒక తాత నోట్లో ఉంది, నాకు ఒళ్ళు ఝల్లుమంది.

ఆ తాత కూర్చుని, చాలా మర్యాదగా, ఒక మాట అన్నాడు. మీరు కొలుస్తున్న బీపీ నేను ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తాను. 2009 నుంచి అది నా డ్యూటీ, ఫైల్‌లో రాసి పైకి పంపిస్తాను. గోళీలు కూడా ఉన్నాయి. ఎవరికి బీపీ ఉందో నాకు తెలుసు. వాళ్ళు గోళీ వేసుకోవట్లేదు, నాకు కావాల్సిన సాయం అది.

ఒక్కసారి ఆలోచించండి. మూడు రోజులు మేం ఏం చేసినట్టు? ఆయన దగ్గర ఉన్న లెక్కనే మళ్ళీ రాశాం. మొదటి రోజే ఆయన దగ్గరికి పోయి, తాతా, మీకేం కావాలి అని అడిగుంటే? అడగలేదు. ఎవ్వరం అడగలేదు. పదిహేను మందిమి వచ్చాం, డాక్టర్ సార్‌తో సహా, ఒక్కరికి కూడా ఆ ప్రశ్న రాలేదు. మేం పోయాక ఆ ఊళ్ళో మిగిలేది ఆయన ఒక్కడే, ఆయన్నే అడగలేదు.

నాలుగో రోజు నుంచి ప్లాన్ మార్చాం. బీపీ మిషన్లు పక్కన పెట్టి ఇళ్ళల్లో కూర్చోవడం మొదలుపెట్టాం. గోళీ ఎందుకు వేసుకోవట్లేదు అని అడిగితే, వేసుకుంటున్నాం అనేవాళ్ళు. ఎప్పుడు వేసుకుంటారు అంటే, తల నొచ్చినప్పుడు. బీపీ గోళీ అంటే తలనొప్పి గోళీ అని వాళ్ళ లెక్క. తల నొయ్యకపోతే మందు దండగ. మా బాపమ్మ కూడా అచ్చం ఇదే అనేది, ఇయ్యాల మంచిగనే ఉన్న కదా బిడ్డా, గోళీ ఎందుకు, అని. మా బాపమ్మకి పక్షవాతం వచ్చింది నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు. ఆ గోళీల డబ్బా సగం నిండుగా అట్లనే ఉంది అల్మారాలో. అందుకే నేను డాక్టర్ చదువుతానని మొండికేసింది.

ఆ నత్తలు అన్న పిల్ల ఉంది కదా, వాళ్ళ నానమ్మకి బీపీ చాలా ఎక్కువ. అక్కడ నానమ్మని పోపో అంటారు. పోపోకి చదువు రాదు, ఆమె మాట్లాడేది ఆ కొండ యాస, మా చైనా ఫ్రెండ్స్‌కే సగం అర్థం కాదు. డబ్బా మీద చిన్న అక్షరాలు ఆమెకి ఎలా తెలుస్తాయి? అప్పుడు ఆ పిల్లే మాకు తర్జుమా చేసింది. నేను వచ్చీరాని చైనీస్‌లో మా సీనియర్‌కి చెప్తే, సీనియర్ మంచి చైనీస్‌లో పిల్లకి చెప్తే, పిల్ల కొండ యాసలో పోపోకి చెప్పింది. వరికి రోజూ నీళ్ళు పెడతాం కదా, ఎండిపోయాక పెడితే ఏం లాభం, గోళీ కూడా అంతే, అని. నేను వరి అన్నాను, పిల్ల దాన్ని మొక్కజొన్నకి మార్చి చెప్పిందంట. అక్కడ పైన వరి లేదు కదా. చూడండి, తొమ్మిదేళ్ళు.

పిల్లే ఇంకోటి చేసింది. స్కెచ్ పెన్ తీసుకుని గోళీ డబ్బా మీద పొద్దు బొమ్మ గీసింది, పొద్దున వేసుకోవాలని. గోడ మీద క్యాలెండర్ ఉంటే, వేసుకున్న రోజు దాని మీద కూడా ఒక పొద్దు గియ్యాలి అన్నది. మాకు ఆ ఆలోచన రాలేదు, నిజంగా రాలేదు. మేం చేసింది ఏంటంటే మర్నాడు క్లాసులో దాన్నే పాఠం చేశాం. పిల్లలందరికీ రంగులు ఇచ్చి, ఎవరింట్లో గోళీ డబ్బాలు వాళ్ళు తెచ్చుకోమని, డాక్టర్ తాతని కూర్చోబెట్టి, ఏది పొద్దున, ఏది రాత్రి అని ఆయనతో చెప్పించి, పొద్దు, చందమామ గీయించాం. ఉప్పు గురించి కూడా చెప్పాం. పొగ మాంసం మానెయ్యండి అంటే ఎవరూ వినరు, మనల్ని ఆవకాయ మానెయ్యమంటే వింటామా? వండే ముందు వేడినీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, కూరలో మళ్ళీ ఉప్పు వెయ్యొద్దు అని చెప్పాం. ఇది డాక్టర్ తాత చెప్పిన చిట్కానే, మేం కాదు. ఇంటికి పోయి పిల్లలు పోపోల మీద పోలీసుల్లాగా నిలబడ్డారంట.

మేం పనికొచ్చింది ఆ ఆరు రోజులే. అందులో కూడా మా తెలివి తక్కువ, తాతదీ పిల్లలదీ ఎక్కువ.

ఇప్పుడు ఇంకోటి చెప్పాలి. ఇది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంటుంది.

ఆఖరి రోజు పిల్లలంతా వచ్చారు, కొందరు ఏడ్చారు, మా వాళ్ళూ ఏడ్చారు. ఆ పిల్ల మాత్రం రాలేదు. పోయి చూస్తే మొక్కజొన్న చేను పక్కన గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నేను తలుపు చాటున నిలబడ్డ రోజులు నాకు గుర్తొచ్చాయి, గుర్తొచ్చి కూడా, ఏం చేశానో తెలుసా? వచ్చే ఏడాది మళ్ళీ వస్తా అన్నాను. ఆ పిల్ల, నిజంగా వస్తావా, అని అడగలేదు. సరే అన్నది. అంతే, సరే అని. వచ్చినవాళ్ళందరూ అనే మాటే కదా అది.

2019లో నాకు పరీక్షలు, పోలేదు. ఆ పిల్ల వీచాట్‌లో, అంటే వాళ్ళ వాట్సాప్ లాంటి యాప్‌లో, వాళ్ళ పోపో ఫోన్ నుంచి మెసేజ్‌లు పెట్టేది, క్యాలెండర్ ఫోటోలు పంపేది, ముప్పై పొద్దులు, ముప్పై ఒక్క పొద్దులు. వచ్చే ఏడాది తప్పకుండా అన్నాను మళ్ళీ. 2020 జనవరిలో నేను సెలవులకి ఇంటికొచ్చాను, 23న వూహాన్ మూసేశారు. ఇంక తిరిగి పోవడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది, మా బ్యాచ్ వాళ్ళందరి కథా అదే, ఆన్‌లైన్ క్లాసులు, వీసాలు రాక, ఇక్కడ కాలేజీ లేదు అక్కడ కాలేజీ లేదు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 యాప్‌లు ఆపేసింది, అందులో వీచాట్ ఒకటి. గొడవ ఎక్కడో సరిహద్దు మీద గల్వాన్‌లో, రెండు దేశాల మధ్య. నా ఫోన్‌లో క్యాలెండర్ ఫోటోలు ఆగిపోయాయి. నాకు ఆ పిల్ల నంబర్ వేరే ఏదీ తెలియదు. ముందే ఎందుకు రాసుకోలేదు? ఆ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను.

2022 ఆఖర్లో మళ్ళీ చైనా పోయాను, ఇంటర్న్‌షిప్‌కి. 2023 జులైలో రెండు రోజులు సెలవు దొరికితే ఒక్కదాన్నే ఆ ఊరికి పోయాను. బ్యానర్ లేదు, పెట్టెలు లేవు. తాత రిటైరయ్యాడు, వేరే అమ్మాయి వచ్చింది క్లినిక్‌కి. పోపో నన్ను గుర్తుపట్టింది. లోపలికి తీసుకుపోయింది. గోడ మీద క్యాలెండర్లు, ఒకదాని మీద ఒకటి, పాతవి తియ్యలేదు. కింద ఉన్నవాటి మీద పిల్ల గీసిన పొద్దులు, కిరణాలు గీసి, నవ్వు ముఖం పెట్టి. పైన ఉన్న కొత్త క్యాలెండర్ మీద వంకర టింకర గుండ్రాలు. పిల్ల టౌన్‌లో హాస్టల్ స్కూల్‌కి పోయాక పోపోనే గీసుకుంటోంది, జీవితంలో పెన్ను పట్టని మనిషి. బీపీ చూశాను. మంచిగా ఉంది.

పిల్ల ఊళ్ళో లేదు. సెలవులు కదా, గ్వాంగ్‌డాంగ్‌లో అమ్మానాన్న దగ్గరికి పోయింది. అలా సెలవులకి పోయి వచ్చే పిల్లల్ని అక్కడ చిన్న వలస పక్షులు అంటారు. పోపో వీడియో కాల్ చేసింది. పద్నాలుగేళ్ళు, పొడుగైంది. నన్ను చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఐదేళ్ళు, అన్నది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. నేను సారీ చెప్పాను. కారణాలు చెప్పబోతే, తెలుసు, కరోనా, అన్నది. కాగితం ఒకటి తీసి కెమెరాకి చూపించింది. తెలుగులో తన పేరు. తలకట్టు సరిగ్గానే ఉంది.

నంబర్ రాసుకున్నాను ఈసారి, వాళ్ళ అమ్మదీ నాన్నదీ పోపోదీ కూడా. మళ్ళీ వస్తా అని మాత్రం అనలేదు.

మీ క్యాంప్ ఊరికి ఒక ఆశా అక్క ఉంటుంది. సార్ దగ్గర ఆమె నంబర్ ఉందంట, నేను అడిగాను. క్యాంప్ ప్లాన్ కాగితం మీద ఇంకా ఏం రాయొద్దు. ఈ ఆదివారం మీలో ఇద్దరు, ఇద్దరే, ఫోటోలేం లేకుండా పోయి ఆమెని కలిసి రండి. ఎవరు పోతారు? ... ఆ, పచ్చ చున్నీ చెల్లె, నువ్వు. ఇంకొకరు? వెనకాల తమ్ముడా, నువ్వేనా? మీ ఇద్దరూ ఆగండి ఇక్కడే, మాట్లాడదాం. మిగతావాళ్ళు ఏమన్నా అడగాలనుంటే అడగండి, నాకు బస్సు ఐదింటికి.